ఓడిన ఆటని మళ్ళీ చూసేవాళ్ళు

క్రికెట్ అంటే మన మోరిస్‌విల్‌లో ఇంటిల్లిపాదీ చర్చ్ స్ట్రీట్ పార్కుకి బయల్దేరతాం గానీ, అమెరికన్ ఫుట్‌బాల్ అంటే "ఆ తోపులాట మనకెందుకులే" అనే ఇళ్ళే ఎక్కువ. పిల్లలు ఎన్.సి. స్టేట్‌లో చేరాక ఎర్ర టీ షర్టులు మనమూ కొనుక్కుంటాం, అది వేరే సంగతి. ఆట అర్థం కాకపోయినా ఫరవాలేదు, ఆ జట్టుకి 2021 సెప్టెంబరులో జరిగింది మాత్రం మనం చెప్పుకోదగ్గది.

ఆ నెల 11న మిసిసిపీ స్టేట్‌తో ఆడటానికి వెళ్ళారు. మొట్టమొదటి కిక్‌నే అవతలివాళ్ళు పట్టుకుని మైదానం ఆ చివరిదాకా పరిగెత్తేశారు. 24-10తో ఓటమి. సరిగ్గా రెండు వారాలకి క్లెమ్సన్ మన రాలీకి వచ్చింది. దేశంలో 9వ ర్యాంకు, పైగా వీళ్ళని అంతకుముందు వరసగా ఎనిమిదిసార్లు ఓడించిన జట్టు. స్కోరు 14-14. ఆఖరి క్షణంలో కిక్కర్ క్రిస్టఫర్ డన్ తన్నిన బంతి గోల్ స్తంభాల మధ్యలోంచి పోతే చాలు, గెలుపే. పోలేదు! అయినా అదనపు సమయంలో జట్టు 27-21తో గెలిచింది.

నాకు ఆ గెలుపుకన్నా డన్ సంగతే నచ్చింది. అంతమంది ముందు తప్పిన పిల్లాణ్ణి పక్కన పెట్టేయలేదు. మరుసటి ఏడాది 29 ప్రయత్నాల్లో 28 కొట్టి, దేశంలో ఉత్తమ కిక్కర్‌కిచ్చే లూ గ్రోజా అవార్డు తెచ్చుకున్నాడు.

కాలేజీ జట్లు ఓడినా గెలిచినా ఆ ఆట వీడియో వేసుకుని అందరూ కలిసి చూస్తారు. ఎవరెక్కడ తప్పారో పేరు పెట్టే చెప్తారు. ఆ వెంటనే మళ్ళీ ప్రాక్టీసు.

మరి మన ఇళ్ళల్లో? కాలేజీ అడ్మిషన్లొచ్చే రోజుల్లో మన గ్రూపులు చూడండి. సీటొచ్చినవాళ్ళ ఫోటోలు, లడ్డూ బొమ్మలు. రానివాళ్ళ ఇంట్లో తలుపేసుకుంటారు, "ఎవరితో అనకు" అని పిల్లకి చెప్తారు. ఊరంతటిలో తనొక్కతికే రాలేదనుకుంటుంది ఆ పిల్ల. పదిహేడేళ్ళ పిల్ల మీద ఆ బరువు పెట్టడం అన్యాయం అంటాను.

"నలుగురిలో పెడితే ఊరికే ఆడిపోసుకోరూ?" అంటారు. నిజమే, గ్రూపులో పెట్టమని నేననను. ఇంట్లో మాట్లాడుకోవచ్చుగా. ఏ వ్యాసం తేలిపోయింది, ఏ కాలేజీ మన ముచ్చట కోసం పెట్టించాం అని. ఆ మాటల్లో పక్కింటి పాప పేరు రాకూడదు, అంతే.

థాంక్స్‌గివింగ్‌కి కాలేజీ పిల్లలు ఎలాగూ ఇళ్ళకొస్తారు. తమకి ఎక్కడెక్కడ సీటు రాలేదో, ఆ తర్వాత ఏం చేశారో పన్నెండో క్లాసు వాళ్ళకి వాళ్ళనే చెప్పమందాం. మనం వంటింట్లో గారెలు వేసుకుంటూ ఉందాం, మధ్యలో దూరకుండా.