రాత్రి ఊపిరికి పరీక్ష, ఉద్యోగానికి రక్షణ

రన్నింగు రూములలో గురక పెట్టేవారిపై హాస్యం పాతదే. "రాత్రంతా షంటింగు చేశాడు" అని తోటివారు నవ్వుకుంటారు. ఆర్.ఎమ్.ఎస్. రాత్రి సెట్లలో పనిచేసేవారి విశ్రాంతి గదులలోనూ ఇటువంటి మాటలే వినిపిస్తాయి. కాని గురక హఠాత్తుగా ఆగి, కొంతసేపు నిశ్శబ్దమై, ఆపైన ఉక్కిరిబిక్కిరవుతూ ఊపిరి అందుకొనే మనిషిని చూసి నవ్వవలసింది ఏమీ లేదు. వైద్యులు దీనిని స్లీప్ ఆప్నియా అంటారు. ఈ జబ్బు విషయంలో మన సంఘాలు స్పష్టమైన వైఖరి తీసుకోవలసి ఉన్నదని మేము భావిస్తున్నాము.

నిద్రలో గొంతు కండరాలు సడలుతాయి. కొందరిలో, ముఖ్యంగా మెడ లావైనవారిలో, శ్వాసమార్గం మూసుకుపోతుంది. పది సెకండ్లు, ఇరవై సెకండ్లు, ఒక్కొక్కప్పుడు నిమిషం కూడా గాలి ఆడదు. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ప్రమాదం గ్రహించి మనిషిని సగం మెలకువకు తెస్తుంది. గుండె వేగం, రక్తపోటు ఒక్కసారిగా పెరుగుతాయి. గంటకు ఇటువంటి అంతరాయాలు 5 దాటితే జబ్బు ఉన్నట్లు, 30 దాటితే తీవ్రమైనట్లు లెక్క. 30 అంటే రెండు నిమిషాలకు ఒకసారి. తెల్లవారిన తరువాత ఆ మనిషికి ఏదీ గుర్తుండదు. ఎనిమిది గంటలు పడుకున్నానని చెబుతాడు, అబద్ధం కాదు. అతని గుండె మాత్రం రాత్రంతా డ్యూటీలోనే ఉన్నది. మందులకు లొంగని రక్తపోటు, గుండె లయ తప్పడం, పక్షవాతం, వీటితో ఈ జబ్బుకు గల సంబంధం వైద్యశాస్త్రంలో స్థిరపడినదే.

మరి మనకు జరిగే వైద్య పరీక్షలో ఏమి చూస్తున్నారు? చూపు, రంగుల గుర్తింపు, రక్తపోటు, చక్కెర. అన్నీ పగటిపూట, మనిషి మేలుకొని ఉండగా చూసేవే. అప్పుడు ఆక్సిజన్ చూసినా 97, 98 అని సక్రమంగానే ఉంటుంది. వేలికి తగిలించే ఆక్సీమీటరు కోవిడ్ కాలంలో ఇంటింటికీ తెలిసింది. దాని వెనుక ఉన్న సూత్రాన్ని జపాను ఇంజనీరు టకువో అవొయాగి వెల్లడించినది 1974లో, మన రైల్వే సమ్మె జరిగిన ఏడాదే. రాత్రంతా నమోదు చేసే రకం పరికరం కట్టుకొని పడుకుంటే, ఆక్సిజన్ ఎన్నిసార్లు మూడు నాలుగు శాతం పడిందో, 90కి దిగువన ఎంతసేపు నిలిచిందో తెల్లవారేసరికి తెలుస్తుంది. ఇది తుది నిర్ధారణ కాదు. ఇందులో బయటపడకపోయినా అనుమానం మిగిలితే పూర్తి నిద్ర పరీక్ష చేయించవలసిందే. కాని జల్లెడ పట్టడానికి ఇంతకంటె సులువైనది లేదు.

పట్టించుకోకపోతే ఏమవుతుందో న్యూయార్కు చూపింది. 2013 డిసెంబరు 1 ఉదయం మెట్రో నార్త్ రైలు ఒకటి, గంటకు 48 కిలోమీటర్లు మించరాని మలుపులోకి 132 కిలోమీటర్ల వేగంతో వచ్చి పట్టాలు తప్పింది. నలుగురు మరణించారు. డ్రైవరు నిద్రలోకి జారుకున్నాడనీ, అతనికి ఎవరూ గుర్తించని తీవ్రమైన స్లీప్ ఆప్నియా ఉన్నదనీ విచారణలో తేలింది. మరొక సంగతి కూడా తేలింది: అతని షిఫ్టును రెండు వారాల క్రితమే మార్చారు. 2016లో హొబోకెన్ స్టేషను ప్రమాదంలోనూ ఇదే జబ్బు బయటపడింది. రైలు డ్రైవర్లకు ఈ పరీక్ష తప్పనిసరి చేయాలన్న ప్రతిపాదనను అమెరికా ప్రభుత్వం 2017 ఆగస్టులో ఉపసంహరించుకున్నది. ప్రాణాలు పోయిన తరువాత కూడా పాలకులు ఎలా వెనుకాడుతారో చూడండి.

ఆ షిఫ్టు మార్పును మనం మరువరాదు. రేపు ఇక్కడ ప్రమాదం జరిగితే, వరుస రాత్రి డ్యూటీలను, చాలని విశ్రాంతిని మరుగుపరచి "అతనికి జబ్బు ఉన్నది" అని ఫైలు మూసివేసే అవకాశం ఉన్నది. దానిని మనం అంగీకరించము. అలాగే, తప్పంతా రోస్టరుదేనని చెప్పి జబ్బును దాచిపెట్టడాన్ని కూడా మేము సమర్థించలేము. రెండూ నిజమే, రెండింటి బరువూ ఒకే గుండెపై పడుతుంది.

మనవారు ఎందుకు దాస్తున్నారో మాకు తెలియనిది కాదు. కేటగిరీ తగ్గించి బండి దింపితే ప్రత్యామ్నాయ ఉద్యోగం దొరకవచ్చు, కిలోమీటరు అలవెన్సు మాత్రం ఆ రోజుతో ఆగుతుంది. ఇంటి అప్పు, పిల్లల ఫీజు ఆగవు. ఈ భయం తొలగకుండా పరీక్ష పెడితే, అది జబ్బును పట్టదు, మనిషిని పడుతుంది. నిజానికి ఇది బండి దింపవలసిన జబ్బు కాదు. 1981లో సిడ్నీ వైద్యుడు కాలిన్ సల్లివాన్ వెల్లడించిన సీపాప్ యంత్రం ముక్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు మూసుకుపోకుండా నిలుపుతుంది. సక్రమంగా వాడినవారికి పగటి కునికిపాటు తగ్గి, రక్తపోటు కొంత దిగుతుంది. అది గుండెపోటును ఆపుతుందని మాత్రం మేము చెప్పము. 2016లో వెలువడిన పెద్ద అధ్యయనంలో ఆ ఫలితం రాలేదు. అందులోనివారు యంత్రాన్ని రాత్రికి సగటున మూడు గంటలకు కొంచెం పైగా మాత్రమే వాడారన్నది కూడా గమనించవలసి ఉన్నది. రన్నింగు రూములో పడక పక్కన ప్లగ్గు లేకపోతే ఎవరు మాత్రం వాడగలరు?

కనుక రైల్వే బ్రాంచీలు పి.ఎన్.ఎమ్. సమావేశాలకు, తపాలా సోదరులు జె.సి.ఎమ్. వేదికలకు ఈ అంశాన్ని తీసుకుపోవలసిందిగా కోరుతున్నాము. రాత్రి ఆక్సిజన్ పరీక్ష ఆసుపత్రి ఖర్చుతో జరగాలి; యంత్రం, మాస్కు ఉచితంగా ఇవ్వాలి; చికిత్స కుదిరేవరకు పగటి పని ఇచ్చి అలవెన్సుతో సహా జీతం నిలపాలి; కుదిరిన తరువాత పాత పనికే పంపాలి. ఇందులో చివరి రెండూ వ్రాతపూర్వకంగా రానిదే మొదటిదానికి ఒప్పుకోవద్దు.

రెండు మూడు మందులు వాడుతున్నా రక్తపోటు దిగనివారు, ఉదయం తలనొప్పితో లేచేవారు ఈ చర్చలు ముగిసేవరకు ఆగనక్కరలేదు. మత్తు పానీయం, నిద్రమాత్ర ఈ జబ్బును పెంచుతాయి, వాటిని మానండి. ఇంటిలోనివారిచేత ఆ గురకను, మధ్యలో వచ్చే నిశ్శబ్దాన్ని ఫోనులో రెండు మూడు నిమిషాలు రికార్డు చేయించి డాక్టరుకు వినిపించండి.