సముద్రం ఎదుటే దిగాలా?

సంపాదకులకు,

గత సంచికలో విశాఖ యాత్రపై వచ్చిన వ్యాసంలో, రుషికొండలోనో భీమిలిలోనో దిగితేనే సముద్రం చూసినట్టని తేల్చేశారు. కొత్త జంటలకైతే సరే. పెద్దవాళ్లతో, చంటిపిల్లలతో వెళ్లేవాళ్ల మాటేమిటి? అరకు రైలు పొద్దున్నే బయల్దేరుతుంది. భీమిలి నుంచి స్టేషన్‌కు పాతిక కిలోమీటర్ల పైమాటే. చీకటితో లేచి బండి వెతుక్కోవాలి. అలాంటివాళ్లకు డాబాగార్డెన్స్, ద్వారకానగర్ వైపు గదులే నయం. స్టేషన్, ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర. తిండికి తడుముకోనక్కర్లేదు. ఆర్‌కే బీచ్‌కు ఆటోలో వెళ్లి రావచ్చు.

‘సీ వ్యూ’ గదుల సంగతీ రాయాల్సింది. మేం దిగినచోట బాల్కనీ చివర నిలబడి మెడ సాచితే, పక్క మేడ నీళ్ల ట్యాంకు సందులోంచి జానెడు సముద్రం కనిపించింది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన గడియ పడక రాత్రంతా తలుపు కొట్టుకుంటూనే ఉంది. డబ్బు కట్టేముందు ఆ గది ఫొటోనే అడిగి తెప్పించుకోవాలి.

2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందిన రుషికొండ అందాన్ని కాదనను. రెండు రోజులు కదలకుండా సేదతీరాలంటే అక్కడే దిగండి. సింహాచలం, కైలాసగిరి, అరకు అన్నీ చుట్టాలంటే మాత్రం ఊళ్లోనే ఉండండి. ఎక్కడెక్కడికి వెళ్లాలో తేల్చుకున్నాకే గది.

– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం