మోకరించలేని సహోదరి



ఈ నెల మా పొరపాటు ఒకటి చెప్పుకోవలసియున్నది. మా సంఘములో ఒక సహోదరికి రెండు మోకాళ్లకు, ఆపైన నడుముకు రెండుసార్లు, మొత్తము నాలుగు ఆపరేషన్లు జరిగినవి. (ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము.) కుట్లు మానినవి గాని నొప్పి మానలేదు. కాలిలో నిప్పు పెట్టినట్లు మంట, ఉండియుండి కరెంటు కొట్టినట్లు పోటు. రాత్రి దుప్పటి తగిలినా ఓర్వలేదు. ఇక మందిరములో చాపమీద ఎలా కూర్చుంటుంది? గోడకు ఆనుకొని నిలబడేది. ఒక ఆదివారము మేము ఆమె వైపే చూస్తూ, "అందరూ మోకరించండి, విశ్వాసముంటే స్వస్థత దానంతటదే వస్తుంది" అన్నాము. మరుసటి వారమునుండి ఆమె రాలేదు.

ఇంటికి వెళ్లాము. "అయ్యగారూ, నా నొప్పి పైకి కనబడదు. ఎక్స్‌రేలో అంతా బాగున్నదంటారు. ఇంట్లోవాళ్లు నటన అంటారు. మీరేమో విశ్వాసము లేదన్నారు. ఇంకెవరితో చెప్పుకోను?" అన్నది. మాకు మాట రాలేదు.

ఆ రాత్రి గ్రంథము తెరిచాము. పౌలు తన శరీరములోని ముల్లు తీసివేయమని మూడుసార్లు వేడుకొన్నాడు, అది పోలేదు. జబ్బుపడిన త్రోఫిమును మిలేతులో విడిచి రావలసివచ్చినది. వీరికి విశ్వాసము చాలలేదని ఎవరనగలరు? యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చున్నంతవరకు మంచివారే. నోరు తెరిచాకనే చెడిపోయినారు. మేమును వారిలో చేరినాము.

తరువాత ఆమెతోపాటు పట్నము వెళ్లి డాక్టరుగారిని అడిగాము. వెన్నులో నలిగిన నరము, గాయము మానిన తరువాత కూడా మెదడుకు నొప్పి కబురు పంపుతూనే ఉండవచ్చునట. ఎక్స్‌రేలో ఎముకలు కనబడతాయి గాని నరములు కనబడవు. మామూలు నొప్పిబిళ్లలు దీనిమీద అంతగా పనిచేయవు, పైగా రోజూ మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండములకు చేటు. మన పల్లెల్లో వాటిని శనగల్లా మింగేవారెందరో! గాబాపెంటిన్ వంటి వేరే మందులున్నవి. అవి అందరికీ పనిచేయవు, డాక్టరునడగకుండా ఒక్కసారిగా మానరాదు. ప్రార్థన చేశాము గదా, మాత్రలెందుకని ఎవరికీ చెప్పకండి.

సంఘమెదుట మా మాట వెనుకకు తీసుకొన్నాము. గోడప్రక్కన రెండు కుర్చీలు వేయించాము. మొదటివారము ఆమె ఒక్కతే కూర్చొని సిగ్గుపడుతుంటే, మా ఇంటివారు వెళ్లి రెండవదానిలో కూర్చున్నారు. ఇప్పుడు "మోకరించగలవారు మోకరించండి" అంటున్నాము. నొప్పి ఎట్లున్నదమ్మా అంటే, "అట్లనే ఉన్నది అయ్యగారూ" అంటుంది. పోయిన ఆదివారము మూడవ కుర్చీ కావలసివచ్చినది.