సంఖ్య పెరిగింది, బలం పెరిగిందా?

సాయంత్రం వేళ మైదానంలో ఇనుప కడ్డీ ఉన్న చోటికి వెళ్లి కాసేపు నిలబడండి. ఒక యువకుడు కడ్డీకి వేలాడుతుంటాడు. చుట్టూ మిత్రులు చేరి "ఏడు, ఎనిమిది, తొమ్మిది" అని లెక్కపెడుతుంటారు. అతడు కాళ్లు తన్నుతాడు, నడుము ఊపుతాడు, మెడను కొంగలా చాచి గడ్డాన్ని కడ్డీకి అందిస్తాడు. మరుక్షణమే ధాన్యపు బస్తా జారినట్లు కిందికి జారి, చేతులు పూర్తిగా చాపకముందే మళ్లీ పైకి ఎగబాకుతాడు. "పది!" అన్న కేకతో చప్పట్లు మోగుతాయి.

ఆ పదింటిలో నేను పుల్-అప్‌లుగా అంగీకరించగలిగినవి రెండో మూడో ఉంటాయి. తక్కినవన్నీ భుజానికీ మోచేతికీ వేస్తున్న శిక్షలు. ఈ మాట కటువుగా ఉందని నాకు తెలుసు. అయినా చెప్పక తప్పదు. సంఖ్య మీద పెంచుకున్న ఈ వ్యామోహమే మన యువకుల బలాన్ని ఎదగనీయడం లేదు.

ఈ వ్యామోహం ఊరకే పుట్టలేదు. అగ్నివీర్ నియామక ర్యాలీలో 10 పుల్-అప్‌లు చేసిన అభ్యర్థికి 40 మార్కులు వస్తాయి. 6 చేసినవానికి 16 మాత్రమే. ఆ నాలుగింటి తేడాలో ఒక కుటుంబపు ఆశ ఇమిడి ఉంటుంది. కనుక శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ఉద్యోగం కోసం కడ్డీ పట్టుకునే అబ్బాయిని నేను నిందించను. "ముందు ఎలాగైనా గడ్డం పైకి తే, పద్ధతి తరువాత చూద్దాం" అని అతడికి నూరిపోసేవారితోనే నా పోరు. ఊగుతూ చేసినదాన్ని పరీక్షకుడు లెక్కించకపోతే, ఆ అబ్బాయికి "తరువాత" అనేది మిగలదు.

ఈ వ్యాయామంలో శరీరం చేసే పని ఏమిటో చూడండి. చేతులే అంతా లాగుతాయని చాలామంది భావిస్తారు. నిజానికి పెద్ద భారం మోయవలసినది వీపుకు ఇరువైపులా రెక్కల్లా పరచుకొని ఉండే లాటిసిమస్ డోర్సై కండరం. భుజపు కీలు లోతులేని గిన్నెలో పెట్టిన బంతి వంటిది. ఆ బంతిని స్థానం తప్పకుండా పట్టి ఉంచేవి రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. మీరు ఒక్కసారిగా కిందికి పడినప్పుడు శరీరపు బరువంతా కుదుపుగా మారి ఆ చిన్న కండరాల మీదా, కండరాన్ని ఎముకతో కలిపే టెండన్ల మీదా పడుతుంది. కండరం కొన్ని వారాల్లోనే బలపడడం మొదలుపెడుతుంది. టెండన్‌కు నెలలు పడుతుంది. ఈ వ్యవధిని గౌరవించనివారికి మోచేతి నొప్పి మొదటి హెచ్చరిక.

అటువంటి ఒక యువకుడు నా వద్దకు వచ్చాడు. మోచేతి లోపలివైపు నొప్పితో తడి తువ్వాలు కూడా పిండలేకపోతున్నాడు. రోజుకు ఎన్ని చేస్తున్నావని అడిగితే "వంద సార్, విడతలు విడతలుగా" అన్నాడు. కొన్ని వారాల విశ్రాంతితో నొప్పి తగ్గిన తరువాత, ఊపు లేకుండా నెమ్మదిగా చేసి చూపమన్నాను. మూడింటి వద్ద ఆగిపోయాడు. రోజుకు వంద చేసినవాడి అసలు బలం అంతే!

"జిమ్నాస్టులు ఊపుతోనే చేస్తారు కదా?" అని కొందరు వాదిస్తారు. చేస్తారు, నిజమే. కాని వారు ఏళ్ల తరబడి ఊపులేని బలం సంపాదించి, దాని మీద ఆ నైపుణ్యాన్ని నిర్మించుకున్నారు. పునాది వేయకుండా రెండో అంతస్తు కట్టబోయేవాడికి వారి ఉదాహరణ ఎలా వర్తిస్తుంది?

"ర్యాలీకి రెండు నెలలే ఉంది, నెమ్మదిగా చేసే తీరిక ఎక్కడిది?" అన్నది మరో వాదం. సమయం తక్కువ గనుకనే గాయపడే హక్కు మీకు లేదు. నొప్పితో మూడు వారాలు కడ్డీ ముట్టనివాడు ఎంత తీరిక పోగొట్టుకున్నట్లు?

ఇక సరైన పద్ధతి. అరచేతులు మీకు ఎదురుదిశకు ఉండేలా, భుజాలకన్న కొద్దిగా ఎడంగా కడ్డీని పట్టుకొని, చేతులు పూర్తిగా చాచి వేలాడండి. పొట్ట బిగించి, కాళ్లను కొద్దిగా ముందుకు ఉంచండి. మొదట మోచేతులు వంచకుండానే భుజాలను చెవుల నుండి దూరంగా కిందికి దించండి. అందరూ వదిలివేసేది ఈ చిన్న కదలికనే. తరువాత మోచేతులను పక్కటెముకల వైపు లాగుతూ పైకి లేవండి. మెడ చాపకుండానే గడ్డం కడ్డీని దాటాలి. దిగేటప్పుడు మనసులో మూడు సెకన్లు లెక్కించండి.

ఒక్కటి కూడా చేయలేనివారు ఎగిరి ఎగిరి కడ్డీని పీకవద్దు. ముందు 20 నుండి 30 సెకన్లు స్థిరంగా వేలాడడం, ఆ స్థితిలో భుజాలను మాత్రమే దించడం అభ్యసించండి. నడుము ఎత్తులో గట్టిగా బిగించిన కడ్డీ కింద వెల్లకిలా వేలాడి, మడమలు నేలకు ఆనించి, ఛాతీని కడ్డీ వద్దకు లాగండి. ఇవి కుదిరాక కదలని ఎత్తుపీట మీద నిలబడి గడ్డాన్ని కడ్డీపైన ఉంచి, పాదాలు వదిలి, ఐదు సెకన్లలో కిందికి దిగండి. పైకి లేపలేని బరువును సైతం కండరం అదుపుతో కిందికి దించగలదు. దిగడం నేర్చుకున్నవాడికి ఎక్కడం దగ్గరపడేది అందుకే. ఆడపిల్లలకూ ఇదే దారి. వారికి పైశరీరపు కండరం పాలు సగటున తక్కువ కావడంతో కొంత ఎక్కువ కాలం పట్టవచ్చు. "అది వాళ్లకు రాదు" అనడం అజ్ఞానం.

దిగడంలోనూ మితం పాటించండి. మొదట్లో మూడు నుండి ఐదు సార్లు చాలు. అలవాటు లేనివారు ఒక్కరోజే డజన్ల కొద్దీ చేస్తే కండర కణాలు ఛిద్రమై మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. తీవ్రమైన నొప్పి, వాపులతో పాటు మూత్రం డికాషన్ రంగులోకి మారితే ఇంట్లో కూర్చోక వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. భుజం గతంలో తొలగినవారు, రక్తపోటు అదుపులో లేనివారు వైద్యుని సలహా లేకుండా కడ్డీ పట్టరాదు.

వారానికి రెండు మూడు రోజులు, మధ్యలో కనీసం ఒకరోజు విరామంతో చేయండి. ఒకేసారి నాలుగు చేయగలిగినవారు రెండేసి చొప్పున ఐదు విడతలు చేస్తే, పద్ధతి చెడకుండా పది పూర్తవుతాయి. ఇంకొక్కటి చేయగల శక్తి ఉండగానే విడత ముగించండి. 70 కిలోల మనిషి ప్రతిసారీ దాదాపు తన బరువంతా ఎత్తుతున్నాడని కూడా మరువకండి. పొట్ట చుట్టూ చేరిన కొవ్వు తగ్గినా పుల్-అప్ సులువవుతుంది.

రేపు మైదానంలో మీ మిత్రుడు కడ్డీ పట్టుకున్నప్పుడు అతడు ఎన్నిసార్లు పైకి లేచాడన్నది కాసేపు పక్కన పెట్టండి. అతడు దిగుతుండగా "ఒకటి, రెండు, మూడు" అని పైకి లెక్కపెట్టండి. అతని సంఖ్య పది నుండి మూడుకు పడిపోవచ్చు, నవ్వకండి. అతని నిజమైన సాధన ఆ మూడుతోనే మొదలవుతుంది.