సూది పోటు చిన్న ప్రమాదమా?

మీ ఇంట్లో ఎవరైనా ప్రభుత్వాసుపత్రిలో నర్సుగానో, ల్యాబ్‌ టెక్నీషియన్‌గానో, పారిశుద్ధ్య కార్మికురాలిగానో పనిచేస్తున్నారా? అయితే ఒక్క మాట అడగండి. హెపటైటిస్‌-బి టీకా మూడు డోసులూ పూర్తయ్యాయా?

‘ఎప్పుడో ఒకటి వేశారు’ అనే జవాబు వస్తే తేలిగ్గా తీసుకోకండి. టీకా వేయించుకోని వారికి, హెపటైటిస్‌-బి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుంటే జబ్బు సోకే ముప్పు 30 శాతం దాకా ఉంటుంది. హెచ్‌ఐవీ అయితే అది సుమారు 0.3 శాతం. మన భయమంతా హెచ్‌ఐవీ గురించే. టీకాతో ఆపగలిగే జబ్బునేమో పట్టించుకోం.

నిజానికి ఈ బాధ్యత ఆసుపత్రిదే. బయోమెడికల్‌ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు-2016 ఆ మాటే చెబుతున్నాయి. ఆ వ్యర్థాలతో పనిచేసే సిబ్బందికీ, ఇతరులకూ హెపటైటిస్‌-బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి. తగిన రక్షణ సామగ్రి ఇవ్వాలి. ఉద్యోగంలో చేరినప్పుడూ, ఆ తర్వాత ఏటా కనీసం ఒకసారీ ఆరోగ్య పరీక్షలు చేయించి రికార్డు ఉంచాలి. ప్రభుత్వాసుపత్రులకు మినహాయింపు లేదు.

అయితే ఇంత వివరంగా రాసిన నిబంధనల్లోనే ఒక లోపం ఉంది. వ్యర్థాలు తీసుకెళ్లే లారీ బోల్తా పడితే అది ‘పెద్ద ప్రమాదం’. వెంటనే అధికారులకు తెలపాలి. సూది గుచ్చుకోవడం ఆ కోవలోకి రాదు. వార్షిక నివేదికలో రాస్తే సరిపోతుంది. గుచ్చుకున్న మనిషి నోరు విప్పకపోతే ఆ గడిలో సున్నాయే పడుతుంది. దాన్ని చూసి అంతా భద్రమే అనుకుంటాం.

ఎందుకు చెప్పరు? ‘చూసుకుని చేయొద్దూ’ అని చీవాట్లు పడతాయని. కాంట్రాక్టు ఉద్యోగికైతే పనే పోతుందేమోనని. కానీ హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే 2 గంటల్లోపే మొదలుపెట్టాలి. 72 గంటలు దాటకూడదు. అందుకే ప్రతి సూది పోటునూ ఆ రోజే నమోదు చేయాలి. చెప్పినవారిని తప్పుపట్టకూడదు. నెలనెలా లెక్క చూడాలి. సున్నా చూపించిన ఆసుపత్రినే ముందు ప్రశ్నించాలి.

మీవాళ్లకు చెప్పండి. సూది గుచ్చుకుంటే గాయాన్ని పిండొద్దు, వేలు నోట్లో పెట్టుకోవద్దు. సబ్బు, నీళ్లతో కడిగి, వెంటనే డ్యూటీ డాక్టరుకు చెప్పాలి. రాతపూర్వకంగా నమోదు చేయించాలి. టీకా కార్డు, ఏటా చేసిన పరీక్షల రిపోర్టు అడిగి తెచ్చుకోవాలి. అడిగితే గొడవ పెట్టుకున్నట్టేం కాదు. నిబంధన ఇవ్వమన్నదే అడిగినట్టు.