గోడ అవతలి భద్రత

అమెరికాలోని న్యూ హేవెన్ నగరంలో యేల్ విశ్వవిద్యాలయం ఉన్నది. నగరంలోని విలువైన భూములలో ఎంతో భాగం దాని చేతిలోనిదే. విద్యాసంస్థ గనుక ఆ భూములలో అధిక భాగానికి ఆస్తిపన్ను లేదు. పన్ను రాని చోట వీధిదీపం మొదలు పోలీసు జీతం వరకు ఖర్చంతా మిగిలిన పౌరుల నెత్తిన పడుతుంది. ఎన్నో ఏళ్ల ఒత్తిడి తరువాత, 2021లో, ఆరేళ్లలో సుమారు 13.5 కోట్ల డాలర్లు నగరానికి చెల్లించేందుకు యేల్ ఒప్పుకున్నది. దానిని స్వచ్ఛంద విరాళమని పిలిచారు. బాకీ అనడమే సబబని మా అభిప్రాయం.

నగరం పేదదై, దాని నడుమ విశ్వవిద్యాలయం సంపన్నమైనప్పుడు, నేర నిరోధానికి ఆ సంస్థ సొమ్ము ఇవ్వాలా అన్నది అసలు వివాదం కాదు. ఇవ్వాలి. అయితే ఆ సొమ్ము దేనికి వెళ్తుంది? బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం తనకంటూ సాయుధ పోలీసు దళం కావాలన్నది. 2019లో మేరీలాండ్ శాసనసభ అనుమతించింది. నల్లజాతి పేదలు ఎక్కువగా నివసించే పరిసరాలలో తుపాకీ పట్టిన మరో పోలీసును భరించలేమంటూ విద్యార్థులు, స్థానికులు నెలకు పైగా పాలనా భవనంలో బైఠాయించారు. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ హత్యానంతరం ఆ ప్రయత్నాన్ని కొంతకాలం ఆపి, స్థానిక సంఘాలు నడిపే హింసా నివారణ కార్యక్రమాలకు 60 లక్షల డాలర్ల నిధి ప్రకటించారు. దళం ఏర్పాటు మాత్రం ఆ తరువాత తిరిగి మొదలైంది. ఒక చేత్తో నిధి, మరొక చేత్తో లాఠీ!

చికాగో అనుభవం ఇంతకంటే ఆలోచింపజేసేది. అక్కడి విశ్వవిద్యాలయం 2008లో నేరాల అధ్యయనానికి ఒక కేంద్రాన్ని నెలకొల్పింది. 2012 వేసవిలో, హింస ఎక్కువగా ఉన్న 13 పాఠశాలలకు చెందిన 1,634 మంది విద్యార్థులలో కొందరిని లాటరీ పద్ధతిన ఎంపిక చేసి నగరపాలక సంస్థ ఎనిమిది వారాల పని కల్పించింది. కనీస వేతనం, వెంట మంచిచెడ్డలు చెప్పే ఒక పెద్ద. అంతే. తరువాతి పదహారు నెలలలో హింసాత్మక నేరాలకు అరెస్టులు, పని దొరకని వారితో పోలిస్తే, 43 శాతం తగ్గాయి. తగ్గుదలలో ఎక్కువ భాగం పని ముగిసిన తరువాత కనిపించడం విశేషం. అంటే పిల్లలను వేసవంతా పనిలో కట్టిపడేసినందువల్ల వచ్చిన ఫలితం కాదిది. ఇదే విశ్వవిద్యాలయానికి పెద్ద సొంత పోలీసు దళం కూడా ఉన్నదని, దానిపైనా స్థానికుల ఫిర్యాదులున్నాయని మరువరాదు.

ముస్లింలమైన మనకు ఈ చర్చలో ఒక అదనపు భయం ఉన్నది. నేర నిరోధమనే పేరుతోనే న్యూయార్క్ పోలీసులు 2001 తరువాత యేల్, పెన్సిల్వేనియా, రట్గర్స్ వంటి విశ్వవిద్యాలయాల ముస్లిం విద్యార్థి సంఘాలపై నిఘా పెట్టారు. 2012 నాటికి ఈ సంగతి పత్రికలకెక్కింది. మసీదులను, హోటళ్లను గమనించిన ఆ ప్రత్యేక విభాగం వల్ల ఒక్క ఉగ్రవాద కేసుకైనా ఆధారం దొరకలేదని పోలీసు అధికారే ప్రమాణపూర్వకంగా ఒప్పుకున్నారు. 2014లో విభాగాన్ని రద్దు చేశారు.

హైదరాబాద్‌లో ఈ భయం మరింత దగ్గరిది. 2007లో మక్కా మసీదు పేలుడు తరువాత పాతబస్తీ యువకులు ఎందరో ఠాణాల పాలయ్యారు, ఆ తరువాత నిర్దోషులుగా బయటపడ్డారు. పోయిన చదువు, పోయిన ఉద్యోగం తిరిగి రాలేదు. ఈ నగరంలో ప్రైవేటు సొమ్ముతో నేర నిరోధం అంటే ప్రధానంగా సీసీ కెమెరాలే. ‘నేను సైతం’ పేరిట వ్యాపారుల నుండి, కాలనీల నుండి వసూలు చేసి పెట్టినవి అవి. కాలా పత్థర్, కిషన్‌బాగ్ ప్రాంతాలలో సగానికి పైగా విస్తీర్ణం కెమెరా కంట్లో ఉందని అమ్నెస్టీ సంస్థ 2021లో అంచనా వేసింది. ముఖాలను గుర్తించే సాంకేతికతపై హైకోర్టులో వ్యాజ్యం నడుస్తున్నది.

మన ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు యేల్ వలె నిధులు లేవు, ఉస్మానియా తన ఖాళీలనే భర్తీ చేసుకోలేకపోతున్నది. కాని గ్రామాలను దత్తత తీసుకొమ్మని కేంద్రం ఉన్నత విద్యాసంస్థలను కోరినప్పుడు, ఒక బస్తీని దత్తత తీసుకొమ్మని మనం కోరకూడదా? న్యాయ కళాశాలలకు ఉచిత న్యాయసహాయ కేంద్రం ఉండాలన్నది బార్ కౌన్సిల్ నియమం. ఆ కేంద్రం ఠాణాకు దగ్గరగా, రౌడీషీటు తెరిచిన పిల్లవాడి తల్లి నడిచి వెళ్లగలిగేంత దూరంలో ఉండాలి. వేల సీట్లకు లక్షల ఫీజులు వసూలు చేస్తున్న ప్రైవేటు విశ్వవిద్యాలయాలను మాత్రం నిధులే అడగాలి. అడిగేటప్పుడు ముందే ఒక షరతు పెట్టాలి: ఆ సొమ్ములో ఒక్క రూపాయి కూడా కెమెరాకు పోరాదు, దాని లెక్క బస్తీ సభలో చదివి వినిపించాలి.