కంచంలో పెరుగు తీసేస్తే ఆయాసం తగ్గదు

గుంటూరు–తెనాలి రోడ్డు మీద వడ్లమూడి అనగానే గుర్తొచ్చేది సంగం డెయిరీ. ఇన్ని ఊళ్ల పాలు వచ్చిచేరే ఈ ప్రాంతంలోనే ఆయాసం ఉన్న పిల్లాడికి గ్లాసుడు పాలు పోయడానికి ఇంట్లోవాళ్లు జంకుతారు. పెరుగన్నం మానిపిస్తారు. అరటిపండు దాచేస్తారు. ‘కఫం చేస్తుంది’ అన్న ఒక్క మాట చాలు. తల్లులను తప్పుపట్టి లాభం లేదు. చలికాలం రాగానే ఆరోగ్య పేజీల్లో అచ్చయ్యేది ఈ మాటే. టీవీలో వల్లించేదీ, కొందరు డాక్టర్లు మందుల చీటీ చివర రాసేదీ ఇదే. ఈ నిషేధానికి ఆధారం లేదు. పరీక్షించి చూసి ముప్పై ఐదేళ్లు దాటింది.

ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో 60 మంది ఆరోగ్యవంతులకు కావాలనే జలుబు వైరస్ ఎక్కించి, రోజూ ఎవరు ఎన్ని పాలు తాగారో, ఎవరికి ఎంత చీమిడి వచ్చిందో లెక్కగట్టారు. పాలు ముట్టనివాళ్లూ ఉన్నారు, రోజుకు 11 గ్లాసులు తాగినవాళ్లూ ఉన్నారు. పాలకూ చీమిడికీ సంబంధమే కనిపించలేదు. 1990లో అచ్చయిన ఈ ఫలితం మన ఆరోగ్య పేజీల్లో ఎక్కడైనా కనిపించిందా?

పాలు తాగాక గొంతు జిగటగా ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. పాలు లాలాజలంతో కలిసి కాసేపు గొంతులో పొరలా నిలుస్తాయి. అది ఊపిరితిత్తుల్లోంచి వచ్చిన కఫం కాదు. 1993లో కొందరికి సంగతి చెప్పకుండా సోయా పానీయం ఇస్తే, వాళ్లకూ గొంతులో అదే జిగట అనిపించింది.

ఆ 60 మందికీ ఉబ్బసం లేదు కదా అనే ప్రశ్న న్యాయమైనదే. ఉబ్బసం ఉన్న పెద్దలకు పాలని తెలియకుండా ఇచ్చి శ్వాసను కొలిచిన పరీక్ష 1998లో వచ్చింది. ఎక్కువమందిలో పాల వల్ల శ్వాసనాళాలు ముడుచుకునే అవకాశం తక్కువని తేల్చింది. పాల అలర్జీ నిజంగా ఉన్న పసిపిల్లల సంగతి వేరు. వాళ్లకు ఒంటిమీద దద్దుర్లు, వాంతులు కూడా కనిపించవచ్చు. డాక్టరు పరీక్షించి చెబితే మానాల్సిందే. ఆ కొద్దిమంది పేరు చెప్పి ఊరందరి పిల్లలకూ పథ్యం పెట్టడం ఏం వైద్యం?

తిండికీ ఊపిరికీ సంబంధం లేదని కాదు. రాత్రి పొద్దుపోయాక కడుపునిండా తిని వెంటనే పడుకుంటే పుల్లటి త్రేన్పులు పైకి ఎగదన్ని దగ్గు రేపుతాయి. ఒళ్లు పెరిగితే ఆయాసం పెరుగుతుంది. కూరలు, పళ్లు బాగా తినేవాళ్లలో ఉబ్బసం తిరగబెట్టడం తగ్గిందని ఆస్ట్రేలియాలోనే 2012లో చూశారు. అంటే పిల్లాడి కంచంలో చేర్చాల్సినవి ఉన్నాయి. మనం తీసేస్తున్నాం. అయిదేళ్లలోపు పిల్లల్లో 31 శాతం మంది ఎదుగుదల ఆగినవాళ్లున్నారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చిన రాష్ట్రం మన ఆంధ్రప్రదేశ్. అంగన్‌వాడీలో ప్రభుత్వం పోసిన పాలను ఇంట్లో ‘నెమ్ము’ భయం ఒలకబోస్తోంది.

ఏటా మృగశిర కార్తెకు హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికి చేపమందంటూ కొర్రమీను నోట్లో వేయించుకోవడానికి వేలమంది క్యూ కడతారు. ప్రభుత్వమే బందోబస్తు పెడుతుంది, మత్స్యశాఖ చేపలు అందిస్తుంది. ఆ తర్వాత 45 రోజుల పథ్యం. ఉబ్బసానికి ప్రపంచమంతా వాడే ఇన్‌హేలర్ కోసం ఇంత హడావిడి ఎప్పుడైనా చూశామా? పైగా ‘అలవాటైపోతుంది’ అని భయపెట్టి దాన్ని పిల్లాడి చేతిలోంచి లాక్కుంటున్నాం.

ప్రపంచ జనాభాలో మన దేశానిది 18 శాతం. దీర్ఘకాలిక శ్వాస జబ్బుల భారంలో 2016 లెక్కల ప్రకారం మన వాటా 32 శాతం. ఈ భారం పెరుగన్నం తెచ్చిపెట్టింది కాదు. నీళ్లు కాచే కట్టెల పొయ్యి పొగ, కల్లాల దుమ్ము, మిరపకాయల ఘాటు, పక్కన కాల్చే బీడీ, వేళకు అందని మందు – ఇవీ ఆ భారాన్ని తెచ్చిపెట్టినవి. వీటి జోలికి వెళ్లాలంటే డబ్బు, ఓపిక, పట్టుదల కావాలి. పెరుగు గిన్నె పక్కకు జరపడానికి ఏమీ అక్కర్లేదు.

అందుకే ఈ సలహా ఇంత చౌకగా దొరుకుతోంది. చీటీ చివర ‘పాలు వద్దు’ అని రాసే డాక్టరు గారు, ఆ 60 మంది మీద జరిగిన పరీక్షను చదివారో లేదో ముందు చెప్పాలి. చదివి కూడా రాస్తే, ఆ పిల్లాడికి ఏ అలర్జీ ఉందో, ఎలా తేలిందో పక్కనే రాయాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈరోజు ఇన్‌హేలర్ ఉందో లేదో బోర్డు మీద రాయించడం ఆరోగ్యశాఖ పని. ఆ పని చేయించండి, పథ్యాలు తర్వాత చెబుదురుగాని.